అరువు కన్నీళ్ళు

"రాఘవా, మీ ఆవిడకు ఇంకో ఇడ్లీ కావాలేమో కనుక్కో" అంది జగదాంబ.

బల్లకు అటువైపు, చేయి చాపితే అందేంత దూరంలో, నిహారిక కూర్చునే ఉంది.

నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ రాఘవేంద్ర మీదుగానే నడుస్తున్నాయి. అత్త ప్రశ్న కొడుకు దగ్గర ఆగి కోడలికి చేరుతుంది. కోడలి జవాబు అదే దారిన వెనక్కి వెళుతుంది. రెండు ఊళ్ళ మధ్య తిరిగే ఒకే ఒక్క బస్సులా అతడు ఆ ఉదయానికే అలసిపోయి ఉన్నాడు.

"వద్దని చెప్పండి" అంది నిహారిక.

"వద్దటమ్మా" అన్నాడు అతడు పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"విన్నాను. నేను మానుకున్నది మాటలు, చెవులు కాదు."

ఇంకో రోజైతే ఆ మాటకు ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరూ నవ్వలేదు. జగదాంబ ఇడ్లీ ముక్క తుంచి, సాంబారులో పూర్తిగా ముంచి, అది నాని మెత్తబడేదాకా ఆగి నోట్లో పెట్టుకుంది. వెంటనే గ్లాసెత్తి ఒక గుక్క నీళ్ళు తాగింది. ముద్దకో గుక్క. ఆ అలవాటును నిహారిక ఎంతకాలంగా చూస్తోందంటే ఇప్పుడది ఆమె కంటికి ఆనడం మానేసింది. గోడ గడియారం చప్పుడు చెవికి ఆననట్టు.

ఫిల్మ్ నగర్‌లో ఆ ఇల్లు కన్నీళ్ళతో కట్టిందని పరిశ్రమలో ఒక పరిహాసం ఉంది. ముప్పై ఏళ్ళపాటు జగదాంబ తెర మీద తల్లి. కొడుకు జైలుకు వెళ్ళినా ఏడ్చింది, తిరిగి వచ్చినా ఏడ్చింది. గ్లిజరిన్ సీసా పట్టుకుని దగ్గరికి వచ్చిన మేకప్ వాళ్ళను చేతి సైగతోనే వెనక్కి పంపేది. కెమెరా తిరగగానే కుడికంట ఒక బొట్టు, డైలాగు పూర్తయ్యాక ఎడమకంట ఇంకొకటి. ఏ కన్ను ముందు కావాలో అడిగి మరీ ఏడుస్తుందని దర్శకులు గొప్పగా చెప్పుకునేవారు.

కోడలు నిహారిక జూబ్లీహిల్స్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో డాక్టరు. కన్నీరే ఆమె పరిశోధన కూడా. కాని అది ఏడిస్తే జారే నీరు కాదు. రెప్ప వేసిన ప్రతిసారీ కనుగుడ్డు మీద పరుచుకునే పలుచని పొర. అది చెదిరితే కన్ను మండుతుంది, చూపు మసకబారుతుంది. పెద్ద లైట్లకు ఎదురుగా రెప్ప వేయకుండా నిలబడే సినిమా మనుషులకు ఆ పొర ఊరికే చెదిరిపోతుంది. వారికోసం ఒక కొత్త చుక్కల మందును ఆమె కొన్నేళ్ళుగా పరీక్షిస్తోంది. చేరినవారిలో సగం మందికి అసలు మందు, మిగిలిన సగానికి ఉప్పునీటి చుక్కలు. సీసాల మీద అంకె తప్ప మరేమీ ఉండదు. ఎవరికి ఏది వెళ్ళిందో వేసుకునేవారికీ తెలియదు, ఇచ్చే నిహారికకూ తెలియదు. అందరి కళ్ళలో తడి కొలవడం పూర్తయ్యాకే ఆ రహస్యానికి వేసిన సీలు విప్పుతారు.

మనుషులు దొరకక ఆ పని కుంటుతున్నప్పుడు ఆదుకున్నది అత్తగారే. జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, లైటింగ్ వాళ్ళు, సెట్లో చీరలు ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు, జగదాంబమ్మ చెప్పిందంటే చాలునని వచ్చి చేరారు. నిన్నటిదాకా అది ఈ ఇంటి గర్వం.

నిన్న బాలమణి చివరి పరీక్షకు వచ్చింది.

ఆమె రహమత్ నగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీన్లలో పేరంటాలు, చావు సీన్లలో పక్కింటి మనిషి. వాడేసిన సీసాలన్నీ తిరిగి తేవాలన్నది నియమం. ఆమె తెచ్చిన వాటిలో ఒకటి తక్కువైంది. షూటింగుల కాడ యాడనో పడిపోయిందని చెప్పింది. నిహారిక పట్టించుకోలేదు. కంట్లో పచ్చరంగు వేసి, నీలికాంతి పెట్టి చూసింది. నల్లగుడ్డు మీది పొర నిండా సూదులతో పొడిచినట్టు గాయాలు. ఆ రంగు పోయాక, కింది రెప్పకు సన్నని కాగితపు పట్టీ తగిలించి కళ్ళు మూసుకోమంది. అయిదు నిమిషాలలో ఆ పట్టీ ఎంతమేర తడుస్తుందో అదే లెక్క. బాలమణి పట్టీ తగిలించిన కాసేపటికే చివరిదాకా తడిసిపోయింది.

చెరువు నిండిందని కాగితం చెబుతోంది. నేల బీటలు వారిందని కన్ను చెబుతోంది.

కళ్ళు మండాయా అని నిహారిక మామూలుగానే అడిగింది.

"మండలే డాక్టరమ్మా, ఏడ్చిన" అంది బాలమణి, పని బాగా చేసినవాళ్ళ తృప్తితో. "జగదాంబమ్మ చెప్పింది గద, కాగితం పెట్టంగనే మీ అమ్మను యాది చేసుకోండ్రి అని. నాకు మా అమ్మ యాదికొస్తే ఆమె తిట్లే యాదికొస్తయి, ఏడుపు రాదు. గందుకే మా బర్రె సచ్చిపోయింది యాది చేసుకున్న. మంచిగొచ్చిందా?"

మిగతావాళ్ళ సంగతేమిటని నిహారిక అడిగింది.

"అందరం గట్లనే చేసినం" అంది బాలమణి. "మీకు మాట రావద్దని."

సాయంత్రం ఇంటికి వచ్చి నిహారిక గొంతు పెంచకుండానే చెప్పింది, ఈ సంగతి పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి రాయాలని, ఎవరు చెప్పారో కూడా రాయాలని. జగదాంబ లేచి తన గదిలోకి వెళ్ళింది. మాటలు బస్సెక్కింది అప్పటినుంచే.

ఇప్పుడు ఇడ్లీల బల్ల దగ్గర జగదాంబ గ్లాసు కింద పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"రాఘవా, మనవాళ్ళ బొమ్మ రిలీజైతే మొదటిరోజు మనం పదిమందిని హాలుకు పంపమా? వాళ్ళు కూర్చుని చప్పట్లు కొట్టరా? బొమ్మలో సరుకుంటే రెండోరోజు నుంచి దానంతటదే ఆడుతుంది. ఆ మొదటిరోజు నిలబెట్టడం ఈ వీధిలో అందరూ చేసేదే. దాన్ని మోసమని ఎక్కడ అంటారో మీ ఆవిడను అడుగు."

రాఘవేంద్ర అడగలేదు. నిహారికే అతణ్ణి దాటి నేరుగా మాట్లాడింది.

"అత్తయ్యా, అందరూ ఏడిస్తే మందుకూ ఉప్పునీళ్ళకూ తేడా కనబడదు. మందు వేసుకున్నవాళ్ళ కాగితమూ తడిసింది, వేసుకోనివాళ్ళదీ తడిసింది. రెండూ ఒకటేనని తేలుతుంది. అంటే మందు పనిచేయలేదని."

జగదాంబ చేయి గ్లాసు మీద ఆగిపోయింది.

"పనిచేసినా?" అంది. అది కొడుకును అడిగిన ప్రశ్న కాదు.

"పనిచేసినా."

ఆమె ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. దానికి పేరు పెట్టేలోగా ఆమె లేచింది. పళ్ళెంలో ఇడ్లీ సగం అలాగే ఉంది. నీళ్ళ గ్లాసు మాత్రం చేత్తో పట్టుకునే వెళ్ళింది.

*

ఫిల్మ్ నగర్ ఎత్తు దిగేటప్పుడు కారులో మాట్లాడేది రోజూ రాఘవేంద్రే. అతడు ఒక సీరియల్‌కు ప్రొడక్షన్ వ్యవహారాలు చూస్తాడు. ఎవరి కాల్‌షీటు కుదరలేదో, ఏ కేరవాన్‌లో ఏసీ పాడైందో చెబుతుంటే నిహారిక వింటుంది. ఇవాళ ముందు వెళుతున్న స్టూడియో వ్యాను వెనక తలుపును ఇద్దరూ చదవాల్సినదేదో ఉన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

మలుపు దగ్గర వ్యాను ఆగింది. కారూ ఆగింది.

"పేరు లేకుండా రాయొచ్చు కదా నిహా" అన్నాడు. "బయటి మనిషి ఎవరో సలహా ఇచ్చారని రాయి. అది అబద్ధం కాదు."

"ఎవరని అడుగుతారు."

"తెలియదని చెప్పు."

"తెలుసు కదా."

అతడు స్టీరింగు మీద వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టి, అది తనకే వినబడి ఆపేశాడు. అమ్మకు రెండేళ్ళ తర్వాత వేషం వచ్చిందని మెల్లగా గుర్తుచేశాడు. బుధవారం క్లోజప్ ఉంది. గ్లిజరిన్ లేకుండా ఏడ్చే జగదాంబ అనే కదా ఆ దర్శకుడు ఏరికోరి తీసుకున్నాడు. ఈలోగా ఆమె మాట నమ్మి వచ్చినవాళ్ళనందరినీ కమిటీ పిలిచి విచారిస్తే, ఆమె ఏ మొహంతో సెట్లోకి నడుస్తుందని అడిగాడు.

 

"నీకు నిజం ఒక్కటే చుట్టం" అన్నాడు అతడు. అందులో వెటకారం కూడా సరిగా పలకలేదు. అంత అలసట.

అది పొగడ్తయితే తనకు చెందదని ఆమెకు తెలుసు. నిజాన్ని ఆమె ప్రేమించి పట్టుకోలేదు. రెండో కథ అల్లితే దాన్ని చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి. అంత ఓపిక తనలో ఎప్పుడూ లేదు. ధర్మమని జనం గౌరవించేది చాలాసార్లు మనిషి బద్ధకమేనేమో. ఆ అనుమానం ఆమెను కొన్నేళ్ళుగా వదలడం లేదు.

వ్యాను కదిలింది.

"ఒక్కటి నాకు అర్థం కావడం లేదు" అన్నాడు రాఘవేంద్ర ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆపుతూ. "నేను తీసిన ఆ ఒక్క సినిమా గుర్తుందా? మొదటిరోజు మ్యాట్నీకి హాల్లో కుర్చీలే ఉన్నాయి. నలుగురిని పంపించమ్మా అని బతిమాలాను. పంపలేదు. బాగుంటే ఆడుతుంది, బాగోకపోతే పోతుంది, నేను మనుషుల్ని తోలను అంది. కొడుకు బొమ్మకు తోలని మనిషి నీ మందుకు ఎందుకు తోలింది?"

నిహారిక కారు తలుపు తీసి, కాలు కింద పెట్టి, అలాగే ఉండిపోయింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

*

మధ్యాహ్నానికి నివేదిక దాదాపు పూర్తయింది. ఏమి జరిగిందో, ఎలా తెలిసిందో, ఎవరి కొలతలను నమ్మకూడదో అన్నీ రాసింది. కమిటీ అధ్యక్షుడు సత్యనారాయణమూర్తి గారు ఫోను చేశారు. ఆయన మంచివాడు కాబట్టే మెత్తగా మాట్లాడారు. సాయంత్రంలోగా పంపమ్మా, చెప్పింది ఎవరో పేరు కూడా ఉండాలి, లేకపోతే నువ్వే చెప్పించావనుకుంటారు అన్నారు. పరిశోధన ఆగిపోతుందా అని ఆమె అడిగింది. ఆగవచ్చు అన్నారు.

ఒక వాక్యంలో ఒక ఖాళీ. అందులో ఒక పేరు. మిగిలింది అంతే.

ఇతరుల కళ్ళలో తడి కొలిచే పని ఆమె ఎందుకు ఎంచుకుందో ఎవరైనా అడిగితే చెప్పే జవాబు ఒకటి సిద్ధంగా ఉండేది. మనిషికీ లోకానికీ మధ్య ఉన్న మొదటి తెర అదేనని, అది నిలకడగా ఉన్నంతసేపే లోకం నిలకడగా కనబడుతుందని. ఇవాళ ఆ జవాబు ఆమెకే ఎవరో రాసిచ్చిన డైలాగులా వినబడింది.

తలుపు తీసుకుని జగదాంబ లోపలికి వచ్చింది.

ఆటోలో వచ్చినట్టుంది. నల్లకళ్ళద్దాలు తీయలేదు. చేతిసంచీలోంచి నీళ్ళసీసా మూత కనబడుతోంది. రోగులు కూర్చునే కుర్చీలో, రోగులు కూర్చునేంత జాగ్రత్తగానే కూర్చుంది.

"రాఘవ లేడు" అంది. "నేరుగా నీతోనే మాట్లాడాలి. తప్పదు."

నిహారికకు నవ్వు రాబోయి రాలేదు. మంచినీళ్ళు తెప్పించమంటారా అని అడిగింది.

"ఆ కాగితం నాకు పెట్టు."

"ఎందుకత్తయ్యా?"

"వాళ్ళకు నేను నేర్పింది ఏమిటో చూడవద్దూ? నా పేరు రాస్తావు కదా, సరిగ్గా తెలుసుకుని రాయి. అరకొర విని రాస్తే అది నాకు అవమానం."

పెళ్ళయినప్పటినుంచి ఆ కళ్ళను నిహారిక టీవీలో చూసింది, పూజగదిలో చూసింది, కోపంలో చూసింది. కాని దీపం పట్టి ఎప్పుడూ చూడలేదు. డాక్టరు ఇంట్లో రోగానికి వరుసలో చివరి చోటు. కళ్ళద్దాలు తీయమని చెప్పి, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. రెప్పల అంచులు ఎర్రగా ఉన్నాయి. మూలలో జిగురు తీగలా సాగింది. ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. పట్టీని మడిచి కింది రెప్పకు తగిలించింది. రెండో కంటికి రెండోది.

"కళ్ళు మూసుకోండి."

జగదాంబ కళ్ళు మూసుకుంది. కాసేపు ఊపిరి కుదుర్చుకుంది. తర్వాత ఆమె భుజాలు వాలాయి.

ఆ గదిలో అంతవరకూ లేని ఒక తల్లి వచ్చి కూర్చున్నట్టయింది. కింది పెదవి ముందు వణికింది, దాన్ని పై పెదవి అదిమిపట్టింది. గొంతులో ఒక ముడి పైకి వచ్చి, కిందికి దిగి, మళ్ళీ పైకి వచ్చింది. గడ్డం కంపించింది. ముక్కుపుటాలు అదిరాయి. లోకంలో ఏ దుఃఖమైనా అంతకన్నా బాగా ఏడవడం నిహారిక ఎక్కడా చూడలేదు. వృత్తి మరచిపోయి ఆమె చేతులు కట్టుకుని నిలబడిపోయింది. ఆ తర్వాతే ఆమె చూపు పట్టీల మీదికి వెళ్ళింది.

ముఖమంతా ఏడుస్తోంది. నీళ్ళు మాత్రం లేవు.

ఆమె గడియారం చూసుకుంది. చూసుకుని, ఆగింది. ఒక్క బొట్టు వస్తే బాగుండునని డాక్టరుగా కోరుకోకూడని కోరిక కోరుకుంది. సమయం అయిపోయింది. మడత దగ్గర, రెప్పకు తాకిన చోట, ఒక చిన్న మరక. అక్కడినుంచి కాగితం తీసినప్పుడు ఉన్నంత తెల్లగానే ఉంది.

"ఎంతొచ్చింది?" అంది జగదాంబ కళ్ళు మూసుకునే.

నిహారిక పట్టీలు తీసి అరచేతిలో పెట్టుకుంది. మెల్లగా ఏదో ఒక అబద్ధపు అంకె చెబితే, ఈ ముసలామె ఆ అంకె పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతుంది.

"రాలేదత్తయ్యా."

"తెలుసు." జగదాంబ కళ్ళు తెరిచి, మంటకు వెంటనే చిట్లించింది. "నువ్వు చెబుతావా లేదా అని చూశాను."

బయట ఎవరో రోగి పేరు పిలుస్తున్నారు. 

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు. వేషాలు రాలేదని రాఘవ అనుకుంటున్నాడు. వచ్చాయి. నేనే వద్దన్నాను. చివరిసారి కళ్ళ కింద మెంథాల్ రాసుకుని ఏడ్చాను. మేకప్ నర్సింహ చూసి మొహం తిప్పుకున్నాడు. పాపం, నా పరువు కోసం."

"నోరు కూడా ఎండిపోతోందా?"

జగదాంబ ఆమె వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. ఉంటే భరించడం తేలికయ్యేది.

"నీ ఎదురుగానే కదమ్మా తింటున్నాను."

సాంబారులో నానే ఇడ్లీ. ముద్దకో గుక్క. మంచం పక్కన రాత్రింబవళ్ళు నిండుగా ఉండే కూజా. వాచిన చేతులు, వాటికి ఎక్కడం లేదని బీరువాలో పెట్టేసిన గాజులు. వయసు అనుకుంటూ దాటిపోయినవన్నీ ఇప్పుడు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇది కంటితో ఆగే జబ్బు కాకపోవచ్చు. ఎవరో తెలియని మనిషి తలుపు తీసుకుని వచ్చి ఈ నాలుగు మాటలు చెబితే, ఆ మనిషి కుర్చీలో సర్దుకునేలోపే నిహారిక జబ్బును పట్టుకునేది.

"ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. అడగాల్సింది అది కాదని తెలిసి కూడా.

"నీకు చెబితే జబ్బవుతుంది. చెప్పకపోతే వయసు." జగదాంబ నీళ్ళసీసా తీసి ఒక గుక్క తాగింది. "టోలిచౌకి దాకా పోయి, నన్ను గుర్తుపట్టని షాపుల్లో దొరికిన చుక్కలన్నీ కొని వేశాను. ఒక్కటీ నిలవలేదు. నీ పరిశోధనలో చేరదామంటే ఇంట్లోవాళ్ళను తీసుకోరంటివి."

రక్తపరీక్షలు చేయించాలని, వేరే మందులు ఉన్నాయని, ఇవాళే మొదలుపెడదామని నిహారిక చెప్పుకుంటూ పోయింది.  జగదాంబ అన్నీ విని తల ఊపింది. అప్పుడు సంచీలో చేయి పెట్టి, రుమాల్లో చుట్టిన ఒక చిన్న వస్తువు తీసి బల్ల మీద పెట్టింది.

రుమాలు విప్పకముందే నిహారికకు అర్థమైంది. తెల్లని సీసా. దాని మీద ఒక అంకె. పోయిందని బాలమణి చెప్పినది.

"ఆ పిల్లను ఏమీ అనకు. నేనే అడిగాను. ఇవ్వనంది, నేనే ఏడ్చినంత పనిచేశాను" అంది జగదాంబ. ఆ మాటకు తనే చిన్నగా నవ్వింది. "ఈ నెలరోజులూ పొద్దున్నే రెప్ప నొప్పి లేకుండా విడుతోంది. పేపరు చదువుతున్నాను. ఆ ధైర్యంతోనే బుధవారం సీనుకు ఒప్పుకున్నాను. ఇంత మంచి మందు కాగితం పరీక్షలో తప్పితే ఎలాగని వాళ్ళందరినీ ఏడవమన్నాను. పొద్దున నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు, దాన్ని నేనే పడగొట్టానని."

నిహారిక సీసాను చేతిలోకి తీసుకుంది. అందులో ఇంకా సగం ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టింది. నీళ్ళలా తేటగా ఉంది. మందు కూడా నీళ్ళలా తేటగానే ఉంటుంది.

"ఇది మందే కదా?" అంది జగదాంబ.

ఆ ప్రశ్న ఆమె ఇంతసేపూ దాచుకుని వచ్చిందని నిహారికకు తెలిసింది. నివేదిక కోసం కాదు, పేరు కోసం కాదు, ఈమె ఆటో ఎక్కి వచ్చింది దీనికోసం.

"నాకు తెలియదత్తయ్యా."

"నీకు కూడానా?"

"నాకు కూడా. అంకె ఒక్కటే తెలుసు. సీలు విప్పితే గాని తెలియదు. విప్పే అధికారం నాకు లేదు."

అరచేతిలో ఒకపక్క తెల్లటి పట్టీలు, ఒకపక్క సీసా. పట్టీలు ఒక మాట చెబుతున్నాయి. పొద్దున్నే నొప్పి లేకుండా విడిన రెప్ప ఇంకో మాట చెబుతోంది. ఉప్పునీళ్ళే అయితే, ఆ నెలరోజుల సుఖం ఎక్కడినుంచి వచ్చింది? అది అబద్ధమని ఏ కొలతతో అనాలి? ఈ సీసా సంగతి కూడా ఇప్పుడు నివేదికలోకి ఎక్కాలి. ఎక్కితే బాలమణి పేరు బయటపడుతుంది. ఎక్కకపోతే దాచినది తను అవుతుంది.

"ఉప్పునీళ్ళయితే బుధవారం వెళ్ళను" అంది జగదాంబ. "రాఘవకు ఏదో ఒకటి చెబుతాను. మందైతే వెళ్తాను. తెలియదంటే ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదమ్మా."

నిహారికకూ ఎవరూ నేర్పలేదు. ఇంతకాలం ఆ తెలియకపోవడాన్నే శాస్త్రమని నమ్మి, దానికి సీలు వేసి కాపాడుతూ వచ్చింది. అది ఒకరి చేతిసంచీలో ఇలా తిరుగుతుందని ఊహించలేదు.

కంప్యూటరు తెర మీద ఖాళీ అలాగే ఉంది.

"మధ్యాహ్నం చుక్క వేసుకునే వేళయింది" అంది జగదాంబ. "పొద్దున నీ మాట విన్నాక చేయి రాలేదు. ఆ కమిటీకి పంపేదేదో ఆ తర్వాత పంపు. నీ చేత్తో ఒక్కసారి వెయ్యి."

ఆమె తల వెనక్కి వాల్చింది. తెర మీద అందరికీ తెలిసిన ఆ ముఖం మీద గది వెలుతురు సూటిగా పడింది. ఎర్రబడిన కింది రెప్పను తానే వేలితో లాగి పట్టుకుని, చూపు పైకప్పుకు నిలిపి, జగదాంబ చుక్క కోసం ఎదురుచూస్తోంది.